ఇంట్లో అడగాల్సిన పిట్ట

పొద్దు వాలే వేళకి బసవమ్మ గుమ్మం ముందు, మెట్టు పక్కన, బకెట్టు నిండా నీళ్ళు పెట్టేది. బకెట్టు మీద చెంబు, చెంబులో కొబ్బరి పీచు. ముప్పై ఏళ్ళపాటు ఆ పని తప్పలేదు. వాన పడుతున్నా పెట్టేది, ఒళ్ళు వెచ్చబడ్డా పెట్టేది. మొగుడు బ్రహ్మయ్య మడ అడవిలో కాపలా పని ముగించుకుని, మోకాళ్ళ దాకా నల్లటి బురదతో వచ్చి సైకిలు గోడకి ఆనించేవాడు. ఆయన కాలు మెట్టు మీద పడీ పడకముందే వంటింట్లోంచి కేక వచ్చేది.

“కాళ్ళు! కాళ్ళు! కాళ్ళు!”

మూడుసార్లు. మొదటిది గట్టిగా, తర్వాతి రెండూ కొంచెం కొంచెం దిగుతూ. తక్కినప్పుడు పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడే బసవమ్మకి ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఎక్కడలేని గొంతూ వచ్చేది. అడవులదీవిలో తమ వీధివాళ్ళకి గడియారం అక్కర్లేదనీ, బసవమ్మ కేక వినపడితే లైట్లు వేసుకోవచ్చనీ ఎదురింటి ఆడపడుచు వరమ్మ ఊరంతా చెప్పేది.

ఇప్పుడూ సాయంత్రమయ్యేసరికి బకెట్టు నిండుతోంది. చేతులకి అలవాటైపోయింది, మనిషి లేడని వాటికి ఎవరు చెబుతారు? నిండిన నీళ్ళు పారబోయడానికి మనసొప్పక మునగచెట్టుకి పోస్తోంది. పదకొండు నెలల నుంచీ రోజూ బకెట్టెడు నీళ్ళు తాగి ఆ చెట్టు కొమ్మలు వంగిపోయేలా కాసింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ములక్కాడల పులుసే. “ఇంకో నెల ఇలాగే పోశావంటే మా పిల్లలు అన్నం మానేస్తారు, ఆపవే తల్లీ” అని వరమ్మ దణ్ణం పెట్టింది. బసవమ్మ నవ్వింది. నవ్వి, ఆ సాయంత్రం కూడా పోసింది.

*

బసవమ్మది వేమూరు. పుట్టింటి ముందు తీపినీళ్ళ కాలవ, వెనక వరిచేలు. అయిదో తరగతి అయ్యాక బడి మాన్పించారు, ఆవిడా పెద్దగా ఏడవలేదు. కూడబలుక్కుని చదవగలదు, సంతకం గుండ్రంగా పెడుతుంది. ఇరవయ్యో ఏట పెళ్ళయింది. పీటల మీద తల దించుకుంటే మళ్ళీ ఎత్తలేదు. “మొహం చూపించలేదుగా, పారాణి పెట్టిన కాళ్ళే చూసి తాళి కట్టాను” అని బ్రహ్మయ్య తర్వాత చాలాసార్లు ఎత్తిపొడిచాడు.

రేపల్లెలో బస్సు మారి అడవులదీవి చేరిన మూడో రోజు సాయంత్రం ఆవిడకి మడ బురద మొదటిసారి పరిచయమయింది. వేమూరులో బురదంటే నాట్ల బురద. చెంబెడు నీళ్ళు పోస్తే జారిపోతుంది. ఇది అలాంటిది కాదు. నల్లగా, జిగురుగా, మురిగిన కోడిగుడ్డు వాసనతో ఉంటుంది. ఆరితే బూడిద రంగు పొరై పట్టుకుంటుంది. కొత్తగా అలికిన వసారాలో మొగుడు ఆ కాళ్ళతో దర్జాగా నడిచి లోపలికి వచ్చేశాడు. కొత్త కోడలు ఏమనలేక గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాలుగో రోజు బకెట్టు పెట్టింది. అయిదో రోజు కేక మొదలయింది.

కాలక్రమంలో వసారాకి నాపరాళ్ళు పరిపించుకుంది. నల్లటి రాళ్ళు, అద్దంలా తుడిచేది. వాటి మీద మడ బురద అడుగు పడిందంటే ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు ఉండదు.

కాళ్ళు కడగడానికి ఆయనకి అరగంట పట్టేది. వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు పీచుతో రుద్దుకుంటూ అడవి కబుర్లు చెప్పేవాడు. గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆవిడ వినేది. ఇంట్లో పనుల మాటలు పగలంతా ఉంటాయి గానీ, వాళ్ళిద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ అరగంటే. ఎకరన్నర పొలం గొడవ కాదు, బంధువుల గొడవ కాదు. ఎప్పుడూ పిట్టల కబుర్లే.

“ఇవాళ మాస్టారు వచ్చారు.”

“ఏ మాస్టారు?”

“మన పూర్ణచంద్రరావు మాస్టారే. తిల్ల చెట్టు మీద కూర్చుని రెండు చేతులూ ఇంతింత చాపి పాఠం చెబుతున్నారు.”

మాస్టారంటే నీటికాకి. మునిగి చేపలు పట్టి, పైకొచ్చి, తడిసిన రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. రెండు చేతులూ చాపకుండా ఒక్క ముక్క చెప్పలేని పూర్ణచంద్రరావు మాస్టారే ఎవరికైనా గుర్తొస్తారు. అడవిలో ఏ పిట్ట కనబడినా బ్రహ్మయ్యకి ఊళ్ళో ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు. పొడుగాటి వంకర ముక్కుని బురదలో దింపి తీసే పక్షి సూది డాక్టరు. నీళ్ళలో గరిటెలాంటి ముక్కుని అటూ ఇటూ తిప్పే తెల్ల కొంగ, పెళ్ళిళ్ళలో వంటలు చేసే అనంతకృష్ణ. ఎవర్నీ చూడనట్టు మెడ ముడుచుక్కూర్చుని అన్నీ కనిపెట్టే గుడ్డికొంగ, సొసైటీ గుమాస్తా. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ ఆగి, కింద చేప కనపడగానే దభీమని దూకే నలుపు తెలుపు పిట్ట, తమ కూతురు లిఖిత. చిన్నప్పుడు జంతికల డబ్బా దగ్గర ఆ పిల్ల అచ్చం అలాగే నిలబడేది. ఇప్పుడు తెనాలిలో కాపరం చేసుకుంటున్నా, అడవిలో మాత్రం దానికి ఇంకా ఆరేళ్ళే.

“అందరికీ పెట్టారు. మరి నాకో?” అని ఒకసారి అడిగింది బసవమ్మ. అడగడానికి పాతికేళ్ళు పట్టింది.

బ్రహ్మయ్య పీచు ఆపి, నవ్వి, “నీకూ ఉందిలే” అన్నాడు.

“ఏది?”

“నోటితో చెబితే తెలియదు. పడవ మీద తీసుకెళ్ళి చూపిస్తా.”

మూడుసార్లు బయల్దేరదామనుకున్నారు. మొదటిసారి లిఖిత పురిటికి తెనాలి వెళ్ళాల్సి వచ్చింది. రెండోసారి తుపాను. మూడోసారి ఆయనకే జ్వరం. మాఘమాసంలో ఒక తెల్లవారుజామున గుండెలో నొప్పన్నాడు. రేపల్లె ఆస్పత్రి గేటు చేరేసరికే ఊపిరి లేదు. నాలుగోసారి లేదు.

పదకొండు నెలలుగా బసవమ్మ మనసులో ఇదొక్కటే తిరుగుతోంది. చాలామంది చాలా పెద్ద సంగతులు తలుచుకుని ఏడుస్తారు. ఆవిడకి మాత్రం చెట్టుకి నీళ్ళు పోసేటప్పుడు ఈ చిన్న ప్రశ్నే గుర్తొచ్చేది. సొసైటీ గుమాస్తాకి కూడా ఒక పిట్టని ఇచ్చిన మనిషి తనకి ఏది ఇచ్చాడు? ఇచ్చాడా, లేక అడిగింది కదా అని ఊరికే అన్నాడా?

*

పుష్యమాసంలో ఒకరోజు బాపట్ల నుంచి అనుపమ అనే కాలేజీ లెక్చరరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. భుజాన సంచీ, మెళ్ళో దుర్భిణి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నాపరాళ్ళు చూసి చెప్పులు మెట్టు కిందే విప్పింది. బసవమ్మకి అక్కడే నచ్చేసింది.

“పిన్నిగారూ, నేను ఏటా ఇక్కడి మడ అడవిలో పక్షుల లెక్క తీయడానికి వస్తానండి. మీవారు నాకు చాలా సాయం చేశారు. పోయారని మొన్ననే తెలిసింది” అంది. తర్వాత సంచీలోంచి పెద్ద కాగితాల చుట్ట తీసింది. “పడవల రేవు దగ్గర పక్షుల బొమ్మలతో బోర్డు పెడుతున్నామండి. ఒక్కో బొమ్మ కింద ఇక్కడి జనం పిలుచుకునే పేరు రాస్తాం. నలభై రెండు పేర్లు మీవారే చెప్పారు. కింద ఆయన పేరు కూడా వేస్తాం. పూర్తి పేరు ఎలా రాయమంటారు?”

బసవమ్మ కొంగు సర్దుకుంది. ఎదురింటి వైపు చూసింది. “నాలుగు తలలుంటాయి చూడండమ్మా, ఆ దేవుడి పేరండి” అంది.

అనుపమకి అర్థం కాలేదు. “నాలుగు తలలా?”

“ఆ… తామరపువ్వులో కూర్చుంటాడండి.”

ఎదురింటి గుమ్మంలోంచి వరమ్మ గొంతు ముందొచ్చింది, మనిషి వెనకాల వచ్చింది. “బ్రహ్మయ్య! మా తమ్ముడి పేరు బ్రహ్మయ్యండి! అది చెప్పదండి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. వాడూ అంతే, దీని పేరు నోటివెంట రానిచ్చేవాడు కాదు. పెళ్ళిలో పేర్లు చెప్పించే వేళకి ఇద్దరూ నేల చూపులే! ఏంటవి, బొమ్మలా?”

కాగితం విప్పారు. వరసగా పిట్టలు, కింద తెలుగులో పేర్లు. బసవమ్మ గుండ్రటి అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే పెదాల మీదికి నవ్వు ఆగకుండా వచ్చేసింది. నీటికాకి కింద ‘మాస్టారు’. వంకరముక్కు పిట్ట కింద ‘సూది డాక్టరు’. గుడ్డికొంగ కింద ‘గుమాస్తా’. గరిటెముక్కు కొంగ కింద ‘అనంతకృష్ణ’.

“ఈ పేర్లు ఎంత బాగున్నాయో!” అంటోంది అనుపమ. “ఏ పుస్తకంలోనూ లేవండి. కొన్ని వందల ఏళ్ళ నుంచి ఇక్కడ వాడుకలో ఉండి ఉంటాయి.”

వరమ్మ వేలు ఒక బొమ్మ మీద ఆగిపోయింది. నీలం రెక్కలు, తెల్ల గొంతు, ఎర్రటి పెద్ద ముక్కుతో లకుముకి పిట్ట. కింద నల్లటి అక్షరాలతో ‘వరమ్మ పిట్ట’.

“ఇదేంటే?” అంది వరమ్మ.

బసవమ్మ గోడ వైపు చూసింది.

“ఇదేంటే బసవా? నా పేరు ఇక్కడెందుకుంది?”

“అది… దూరాన్నుంచే అరుస్తూ వస్తుందిట వదినా. కనపడకముందే వినపడుతుందిట.”

అనుపమ పెన్ను చేతిలోంచి జారింది. “అంటే… ఈ పేర్లన్నీ…”

“మా ఊరివాళ్ళవేనమ్మా” అంది బసవమ్మ నేరం ఒప్పుకుంటున్నట్టు. “వంటాయన వెనకవీధిలో ఉంటారు. ఇప్పుడు ఇంట్లోనే ఉండుంటారు, కావాలంటే చూడండి.”

అనుపమ నోరు తెరుచుకుని కాసేపు బొమ్మల్నీ వీధినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ముగ్గురూ నవ్వడం మొదలుపెట్టారు. బసవమ్మ అంతలా నవ్వి పదకొండు నెలలయింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. వరమ్మ మాత్రం నవ్వు మధ్యలో కాగితాన్ని దగ్గరికి లాక్కుని ఆ నీలం రంగుని పరీక్షగా చూసింది. “అయినా చీర బాగానే కట్టాడు వెధవ. ఇది తీసెయ్యకండి అమ్మాయిగారూ. కాకపోతే బొమ్మ ఇంకొంచెం పైకి వెయ్యండి, ఆ గుమాస్తా పక్కనేంటి నాకు?”

నవ్వులు తగ్గాక బసవమ్మ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చూసింది. నలభై రెండు పేర్లూ చదివింది. తన పేరు లేదు. తన పోలికతో ఏ పేరూ లేదు. కళ్ళు ఎత్తకుండా, “ఇంతేనా అమ్మా?” అంది.

“ఇంకొక్కటి మిగిలిందండి. దానికోసమే మీ దగ్గరికి వచ్చాను” అని అనుపమ చిన్న నోటుబుక్కు తీసి వేలితో చూపించింది. ఒక పిట్ట బొమ్మ పక్కన హడావిడి రాత: ‘ఇంట్లో అడగాలి.’ “రెండేళ్ళ కిందటిది. ఈ పిట్ట పేరు అడిగితే మీవారు ఇంట్లో అడగమన్నారండి. నేను రాసుకుని మరచిపోయాను. మీకు తెలుసా?”

బసవమ్మ చూసింది. మట్టిరంగు పిట్ట. ఒంటి మీద చెప్పుకోదగ్గ రంగు లేదు, కాళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆవిడ ఎన్నడూ చూడనిది, ఆయన ఎన్నడూ చెప్పనిది. “తెలీదండి” అంది. చెబుతుంటే ఆవిడకి దిగులు రెండింతలయింది. తనకి పేరు ఇవ్వకపోతే పోయె, ఇంట్లో అడగమని పంపిన పిట్ట పేరయినా తనకి తెలియలేదే.

“ఆదివారం జార్జి పడవలో లెక్కకి వెళ్తున్నాం. మీరూ రండి పిన్నిగారూ. చూస్తే గుర్తొస్తుందేమో.”

“ఏడాది తిరగలేదండి. ఇప్పుడు నేను పడవెక్కి షికారుకి వెళ్తే ఏమనుకుంటారు?”

“ఎవరే అనేది?” వరమ్మ లేచి నిలబడింది. “నా తమ్ముడు బతుకంతా తిరిగిన చోటది, షికారేంటి! నేనూ వస్తున్నా. నా పిట్ట ఎలా ఉందో చూసుకోవద్దూ?”

*

ఆదివారం పొద్దున సముద్రం పాటు మీద ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గుతుంటే కాలవకి రెండు వైపులా మడచెట్ల వేళ్ళు బయటపడుతున్నాయి. కొన్ని గొడుగు కమ్మీల్లా వంగి నిలబడ్డాయి, కొన్ని బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చాయి. పడవ జార్జిది. బ్రహ్మయ్యని ఇరవై ఏళ్ళు అడవంతా తిప్పిన మనిషి. కాలవ మలుపు తిరిగాక ఇంజను ఆపి గెడ అందుకున్నాడు.

“అన్న ఎప్పుడూ ఇక్కడే ఆపమనేవాడు వదినా” అన్నాడు. “ఇక్కడ్నించి ఊళ్ళోకి వచ్చినట్టే, చప్పుడు చేయకూడదు అనేవాడు.”

నిజంగా ఊళ్ళోకి వచ్చినట్టే ఉంది. బసవమ్మ ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. అదుగో మాస్టారు, తిల్ల కొమ్మ మీద చేతులు చాపి. అదుగో గుమాస్తా, ఎవరు వచ్చారో తనకి పట్టనట్టు. నీళ్ళ మీద ఆగి ఆగి దూకింది లిఖిత, చిన్న చేపని కరుచుకుని వెళ్ళింది. ఇన్నేళ్ళూ గడప మీద కూర్చుని విన్నదంతా రెక్కలు కట్టుకుని ఎదురుగా తిరుగుతుంటే ఆవిడకి ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇంతలో చెట్ల వెనక నుంచి ఎవరో పోట్లాడుతున్నంత గోల వచ్చింది. తర్వాత నీలం మెరుపు ఒకటి కాలవకి అడ్డంగా దూసుకెళ్ళింది.

“వరమ్మక్కా, నువ్వే!” అన్నాడు జార్జి.

“తెలుస్తూనే ఉందిలేరా, గెడ చూసుకో” అంది వరమ్మ. అయినా ఆ పిట్ట కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది.

నీళ్ళు తగ్గిన బురద తిప్ప మీద వందల పిట్టలు మేస్తున్నాయి. అనుపమ పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుంటోంది. దుర్భిణి బసవమ్మకిచ్చి, “అంత చిన్న చోటులో ఇన్ని రకాలు ఎలా బతుకుతాయో చూడండి” అంది. బసవమ్మకి చూడగానే తెలిసిపోయింది. పొట్టి ముక్కువి బురద పైపైన ఏరుకుంటున్నాయి. నడిమి ముక్కువి వేలెడు లోతున వెతుక్కుంటున్నాయి. సూది డాక్టర్లు జానెడు లోతుకి దింపుతున్నారు. ఒకే విస్తట్లో ఎవరి వైపు వాళ్ళు తింటున్నట్టు ఉంది, ఒకరి ముద్ద ఒకరికి అందదు, గొడవే లేదు. “వడ్డించినవాడు తెలిసినవాడమ్మా” అంది. అనుపమ ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.

ఉండబట్టలేక బసవమ్మ అడిగేసింది. “జార్జీ, మీ అన్న వీటిలో దేనికైనా… నా పేరు పెట్టారా?”

జార్జి గెడ ఆపి ఆలోచించాడు. “బసవమ్మ అనా? లేదొదినా. ఇరవై ఏళ్ళలో ఆ పేరు ఆయన నోట విన్లేదు.”

“సరేలే” అందావిడ. చేతిలో దుర్భిణిని కొంగుతో తుడిచి అనుపమకిచ్చేసింది.

అప్పుడే పడవ అడుగు ఏదో మెత్తటిదానికి తగిలి ఆగిపోయింది. జార్జి గెడతో నెట్టాడు, కదల్లేదు. “మాటల్లో పడి చూసుకోలా. తిప్పెక్కేసింది. బరువు తగ్గాలి, కొంచెం దిగాలండి అందరూ.”

“దిగడమా? ఇందులోనా?” అంది వరమ్మ.

“ముందు నువ్వే అక్కా, బరువన్నాను కదా.”

“నీ పడవ మునగ!” అని తిడుతూనే దిగి వరమ్మ పిక్కల దాకా కూరుకుపోయింది. అనుపమ దిగింది. చివరికి బసవమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పడవ అంచు పట్టుకుని, ఒక కాలు కిందికి జార్చింది. చల్లటి బురద పాదాన్ని పట్టుకుని, మడమ దాటి, మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది. ముప్పై ఏళ్ళు పీచుతో రుద్దించిన బురద. ఆ వాసన. రెండో కాలూ దింపింది.

తిప్ప అంచు నుంచి ఒక పిట్ట గొంతు చించుకుంది.

“క్యాళ్ళూ! ళ్ళూ! ళ్ళూ!”

మొదటిది గట్టిగా, తర్వాతి రెండూ కొంచెం కొంచెం దిగుతూ. ఆ అరుపుకి తిప్ప మీద మేస్తున్న పిట్టలన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. సూది డాక్టర్లు లేచారు, గుమాస్తా లేచాడు, ఆకాశమంతా రెక్కలయింది.

వరమ్మ బురదలో నిలబడే తల తిప్పింది. “అది నీ గొంతేంటే!” అంది.

జార్జి గెడ పట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. “అమ్మో, మా ఇంట్లో అరుస్తున్నారు!”

“ఎవరింట్లో?” అంది అనుపమ.

“నేను కాదండి, అన్న అనేవాడు. సాయంత్రం ఈ పిట్ట అరిచిందంటే చాలు, ‘మా ఇంట్లో అరుస్తున్నారు, ఇక పద జార్జీ’ అనేవాడు. ఆయన జేబులో ఫోను మోగిందేమో అనుకునేవాణ్ణి చాలారోజులు. ఫోనుండేది కాదు. మనం బురదలో అడుగు పెట్టీ పెట్టకముందే అరుస్తుందండి ఇది. పిట్టలకి వలలేసేవాళ్ళు వచ్చినా ఇదే ముందు చూసి అరుస్తుంది, పిట్టలన్నీ లేచిపోతాయి. ‘నేను జీతానికి కాపలా, మా ఇంట్లో ఊరికే కాపలా, ఆవిడ అరవకపోతే ఈ పాటికి సగం పిట్టలు వలల్లో ఉండేవి’ అనేవాడు.”

అనుపమ బురద చేతులతోనే నోటుబుక్కు తెరిచింది. ‘ఇంట్లో అడగాలి’ అన్న అక్షరాల వైపు చూస్తూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో రామ! దీని పేరేంటండీ అని అడిగితే, నవ్వి, ‘మా ఇంట్లోనండి’ అన్నారు. ఇంట్లో అడగమంటున్నారనుకుని రాసుకున్నాను!”

వరమ్మకి నవ్వాగక బురదలో కూలబడబోతే జార్జి రెక్క పట్టుకుని ఆపాడు.

బసవమ్మ మాత్రం నవ్వలేదు, కదల్లేదు. గాలిలో ఒక చుట్టు తిరిగి ఆ పిట్ట మళ్ళీ తిప్ప మీద వాలింది. చిన్నది, మట్టిరంగుది. నలుగురిలో నిలబెడితే ఎవరూ రెండోసారి చూడరు. కానీ నల్లటి బురద మీద ఎర్రటి కాళ్ళతో ఠీవిగా నడుస్తోంది, ఇప్పుడే పారాణి పెట్టించుకుని పీటల మీద నుంచి లేచినట్టు. రోజూ సాయంత్రం ఆయన రెండుసార్లు విన్నాడన్నమాట ఆ కేక. ఇక్కడ ఒకసారి, మెట్టు దగ్గర ఒకసారి. మెట్టు దగ్గర విన్నప్పుడు ఎందుకంత నవ్వుకునేవాడో ఆవిడకి ఎప్పుడూ అర్థం కాలేదు. ఎగతాళి అనుకునేది.

“బోర్డు మీద బసవమ్మ పిట్ట అని రాయనా పిన్నిగారూ?” అని మెల్లగా అడిగింది అనుపమ.

“వద్దమ్మా. ఆయన ఏమన్నారో అదే రాయండి.”

“‘మా ఇంట్లో’ అనా? చదివినవాళ్ళకి ఏం అర్థమవుతుందే?” అంది వరమ్మ.

“అర్థం కాకపోతే ఇంట్లో అడుగుతార్లే వదినా” అంది బసవమ్మ. అని, అప్పుడు నవ్వింది. ఆ నవ్వు విని ఎర్రకాళ్ళ పిట్ట ఇంకోసారి అరిచింది.

*

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. మెట్టు దగ్గర బకెట్టు లేదు. సాయంత్రం కాలేదు కదా. బసవమ్మ ఏదో ఆలోచిస్తూ తిన్నగా లోపలికి నడిచి వెళ్ళిపోయింది. వంటింట్లో మంచినీళ్ళు తాగి వెనక్కి తిరిగితే అప్పుడు కనపడ్డాయి. మెట్టు నుంచి గడప దాకా, అద్దంలాంటి నాపరాళ్ళ మీద, వరసగా తొమ్మిది బురద అడుగులు. ఆవిడవే.

దొడ్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. అరగంట పట్టింది. వేళ్ళ సందుల్లోది అంత తేలిగ్గా వదలదని ఇప్పుడు తెలిసింది.

పొద్దు వాలే వేళకి బకెట్టు నింపింది. తుడిచే గుడ్డ తెచ్చి, వసారాలో మోకాళ్ళ మీద కూర్చుంది. అడుగులు ఆరిపోయి బూడిద రంగుకి తిరిగాయి. అయిదో అడుగు దగ్గర బొటనవేలి గుర్తు కూడా స్పష్టంగా ఉంది.

ఎదురింట్లోంచి గొంతు వచ్చింది. “ఏంటే బసవా, ఇంకా తుడవలేదూ? అదే మా తమ్ముడైతే ఈపాటికి ఊరు లేచిపోయేది!”

“చూద్దాంలే వదినా.”

గుడ్డ తడపలేదు. పొడిగుడ్డని పొడిగానే దండెం మీద ఆరేసింది. బకెట్టు ఎత్తుకుని, అడుగుల మీద కాలు పడకుండా గోడవారగా నడిచి వెళ్ళి, నీళ్ళన్నీ మునగచెట్టుకి పోసేసింది.